శీతవేళలో డీజిలు ట్రాక్టరు

 

ప్లాటినోత్సవ వేదికపై భాషను గురించి, సంస్కృతిని గురించి ప్రసంగించడం పరిపాటి. ఈనాటి ప్రసంగ విషయం అందుకు కొంత భిన్నమైనది. ఏళ్ల తరబడి పనిచేసి పాతబడిన డీజిలు ట్రాక్టరు చలికాలపు ఉదయాన కదలనని భీష్మించుకొన్నప్పుడు దానిని ఎట్లా నడిపించాలన్నదే ఆ విషయం. దీనిని ఎన్నుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. భౌతికశాస్త్ర పుస్తకంలో తెలుగులో చదువుకొనే వాయు సంపీడనం, ఉష్ణం, స్నిగ్ధత వంటి పాఠాలన్నీ ఆ ఒక్క యంత్రంలో కంటికి కనిపిస్తాయన్నది మొదటిది. ఆ ఉదయపు తొందరలో చేసే ఒక చిన్న పని మనిషి ప్రాణాన్ని బలిగొనగలదన్నది రెండవది. రెండవ కారణమే ముఖ్యమైనది.

కోరాపుట్టు పీఠభూమిలో పుష్యమాసపు తెల్లవారుజాములు ఎట్లా ఉంటాయో ఈ సభలోని వారికి వర్ణించి చెప్పనక్కరలేదు. సిమిలిగుడ, పొట్టంగి పరిసరాలలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు జారడం ఏటా జరిగేదే. కొండలకు ఆవల, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో మరింత దిగువకు పోయి సున్నాను సమీపించిన సందర్భాలు ఉన్నాయి. వరి కుప్పలు ఇంటికి చేర్చవలసిన రోజులు, నూర్పిళ్ల రోజులు కూడా ఇవే. కూలీలు వచ్చి నిలబడి ఉంటారు. ట్రాక్టరు మాత్రం "కిర్రు, కిర్రు" మని మూలిగి ఊరకుంటుంది. అప్పుడు రైతుకు కోపం వస్తుంది, తొందర కలుగుతుంది. ఆ రెండింటి వల్లనే అనర్థాలు పుడతాయి.

ముందుగా డీజిలు ఇంజను ఎట్లా మండుతుందో తెలుసుకోవాలి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది లేదు. సైకిలు చక్రానికి గాలి కొట్టిన ప్రతి బాలుడికీ పంపు అడుగుభాగం వేడెక్కుతుందని తెలుసు. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1893లో జర్మనీలో పేటెంటు పొందాడు. ఆగ్స్‌బర్గ్ నగరంలో అనేక వైఫల్యాల తరువాత 1897లో ఆయన యంత్రం విజయవంతంగా నడిచింది. సిలిండరులోని గాలిని పిస్టను బలంగా నొక్కుతుంది. వేడెక్కిన ఆ గాలిలోకి నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చిమ్ముతుంది. తుంపర తనంతట తానే అంటుకొంటుంది. కనుక ఈ ఇంజనుకు అగ్గిపుల్ల, గాలి వేడియే.

ఆ వేడి ఎంతో పై తరగతి విద్యార్థులు లెక్కించవచ్చు. గాలి పరిమాణం 17వ వంతుకు కుదించుకు పోయిందని, ఉష్ణం ఏ మాత్రం బయటకు పోలేదని అనుకొందాం. బయటి గాలి 27 డిగ్రీల వద్ద ఉంటే లోపలి గాలి దాదాపు 660 డిగ్రీలకు చేరుతుంది. బయట 0 డిగ్రీలు ఉంటే లోపల 575 డిగ్రీలే. బయటి 27 డిగ్రీల తేడా లోపల మూడు రెట్లకు పైగా పెరిగి 80 డిగ్రీలు దాటుతుంది. డీజిలు అంటుకొనడానికి 210 డిగ్రీలు దాటితే చాలునని, ఇక చిక్కేమిటని కొందరు అడగవచ్చు. చిక్కు ఏమిటంటే ఆ లెక్క కాగితం మీది లెక్క. వాస్తవంలో చల్లని ఇనుప గోడలు ఆ వేడిని వెంటనే పీల్చుకొంటాయి. అరిగిన రింగుల సందుల నుండి గాలి జారిపోతుంది. ఇంజను ఎంత మెల్లగా తిరిగితే వేడి పారిపోవడానికి అంత వ్యవధి దొరుకుతుంది. పాత ఇంజనులో ఈ నష్టాలన్నీ కొత్తదానికంటే ఎక్కువ. తుంపర కూడా ఆవిరి కావడానికి వేడి కోరుతుంది.

చలిలో ఇంజను కోరేవి మొత్తం నాలుగు: గాలికి తగిన వేడి, తిరగడానికి తగిన వేగం, అడ్డులేని ఇంధనం, జారిపోని ఒత్తిడి. ఇంజను మొరాయించినప్పుడు ఈ నాలుగింటిలో ఏది లోపించిందని వెదకాలి.

వేగం సంగతి చూడండి. సెల్ఫ్ మోటారుకు శక్తినిచ్చేది బ్యాటరీ. అందులో జరిగేది రసాయన చర్య. చలికి ఆ చర్య మందగిస్తుంది. 27 డిగ్రీల వద్ద బ్యాటరీ ఇవ్వగల శక్తిని నూరుగా లెక్కిస్తే, 0 డిగ్రీల వద్ద అది సుమారు 65. సున్నాకు 18 డిగ్రీల దిగువన సుమారు 40 మాత్రమే. అదే సమయంలో ఇంజను ఆయిలు తేనె వలె చిక్కబడి పిస్టన్లను పట్టి ఉంచుతుంది. ఇచ్చేవాడి శక్తి తగ్గిన పూటనే అడిగేవాడి అవసరం పెరిగిందన్న మాట. 15డబ్ల్యు–40 అని డబ్బా మీద కనిపించే ఆయిలులో డబ్ల్యు అన్న అక్షరం శీతకాలానికి గుర్తు. చలిలో మరీ చిక్కబడకుండా, వేడిలో మరీ పలచబడకుండా ఉండేటట్లు దానిని తయారు చేస్తారు. పాత అలవాటు కొద్దీ ఏడాది పొడుగునా చిక్కని ఒకే రకం ఆయిలు పోసే ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే ఉదయపు బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇక ఇంధనం. డీజిలులో సహజంగా మైనపు పదార్థం కరిగి ఉంటుంది. చలి ముదిరితే అది గడ్డకట్టి పలుకులుగా తేలి ఫిల్టరును మూసివేస్తుంది. కొబ్బరినూనె చలికాలంలో పేరుకొనడం వంటిదే ఇది. అందుచేతనే భారతీయ ప్రమాణాలలో డీజిలు ప్రవాహస్థానానికి వేసవిలో 15 డిగ్రీలు, శీతకాలంలో 3 డిగ్రీలు గరిష్ఠ పరిమితులుగా నిర్ణయించారు. వేసవిలో కొని డ్రమ్ములో నిలవ ఉంచిన డీజిలును చలికాలంలో వాడరాదనడానికి కారణం ఇదే. లడఖ్ వంటి చోట్ల ఆ డీజిలు కూడా చాలదు. సున్నాకు 33 డిగ్రీల దిగువన సైతం ప్రవహించే ప్రత్యేక డీజిలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో అక్కడ ప్రవేశపెట్టింది. కోరాపుట్టు చలికి మైనపు బాధ అరుదు. ఇక్కడ తరచు బాధించేవి నీరు, గాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది. గొట్టాల కీళ్లు వదులైతే వాటిలో గాలి పడుతుంది.

శీతదేశాల రైతులు ఈ సమస్యను ఎట్లా ఎదుర్కొన్నారో తెలుసుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో 1921 నుండి లాంజ్ కంపెనీ బుల్‌డాగ్ అనే ట్రాక్టరును తయారు చేసింది. అది డీజిలు ఇంజనుకు దగ్గరి బంధువు. దాని సిలిండరు ముందు భాగంలో ఒక ఇనుప బుడిపె ఉండేది. రైతు ఉదయం లేచి ఆ బుడిపెను మంటదీపంతో కాల్చి ఎర్రగా చేసి, ఆ తరువాతనే చక్రం తిప్పేవాడు. ఇంగ్లండులోని గేన్స్‌బరో పట్టణంలో మార్షల్ కంపెనీ 1945 నుండి తయారు చేసిన ఫీల్డ్ మార్షల్ ట్రాక్టరుది మరొక పద్ధతి. సురేకారంలో తడిపి ఆరబెట్టిన కాగితపు చుట్టను రాజబెట్టి సిలిండరు తలలో బిగించేవారు. చేతితో తిప్పడం కష్టమైనప్పుడు తుపాకి తూటా వంటిదానిని అమర్చి పేల్చితే ఆ వాయువు పిస్టనును నెట్టేది. అమెరికాలో కేటర్‌పిల్లర్ కంపెనీ 1931లో తెచ్చిన డీజిలు ట్రాక్టరుకు ప్రక్కనే ఒక చిన్న పెట్రోలు ఇంజను ఉండేది. ముందు చిన్నదానిని నడిపి, దాని బలంతో పెద్దదానిని తిప్పేవారు. రష్యాలో 1949 నుండి తయారైన డీటీ–54 ట్రాక్టరుకు సైతం అటువంటి చిన్న ఇంజనే సహాయం. దానిని తాడు చుట్టి లాగేవారు. మరికొన్ని శీతసీమలలో రాత్రి ఇంజను ఆయిలును డబ్బాలోకి దింపి ఇంట్లో పొయ్యి దగ్గర ఉంచి, ఉదయం వెచ్చగా తిరిగి పోసేవారు. ఈ పద్ధతులన్నింటిలో ఉమ్మడి లక్షణం ఒకటి ఉంది. వారెవరూ చల్లని ఇంజనుతో కుస్తీ పట్టలేదు. ఏదో ఒక రూపంలో ముందు దానికి వేడినో, వేగాన్నో సమకూర్చారు.

తెలుగు రైతులకు సుపరిచితమైన మాసీ ఫెర్గూసన్ కథ ఇక్కడ చెప్పుకోదగినది. ఇంగ్లండులో 1956లో వెలువడిన ఫెర్గూసన్ 35 ట్రాక్టరుకు తొలుత అమర్చిన నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను చలిలో మొరాయిస్తుందని పేరు పడింది. 1959లో దాని స్థానంలో పెర్కిన్స్ వారి మూడు సిలిండర్ల ఇంజను వచ్చింది. ఆ చెడ్డపేరు తొలగింది. 1960లో చెన్నైలో స్థాపితమైన టాఫే సంస్థ ఆ వంశపు ట్రాక్టర్లనే దక్షిణదేశంలో వ్యాపింపజేసింది. ఈ తరహా పాత ఇంజన్లలో అనేకం గాలి లోపలికి పోయే దారిలో ఒక హీటరు కలిగి ఉంటాయి. తాళపు చెవిని హీటరు గుర్తు వద్ద ఉంచితే అందులోని తీగచుట్ట ఎర్రబడుతుంది. ఆ వేడికి లోపలి చిన్న కవాటం తెరుచుకొని కొన్ని డీజిలు చుక్కలు దానిపై పడి మండుతాయి. లోపలికి పోయే గాలి ఆ మంట మీదుగా వెచ్చబడి పోతుంది. దీనికి 15 నుండి 20 సెకండ్ల కాలం కావాలి. తాళం త్రిప్పిన మరుక్షణమే సెల్ఫ్ కొట్టే వారు హీటరు ఉండి కూడా లేని వారే.

ఇప్పుడు చేయవలసిన పనులను వరుసగా చెప్పుకొందాం. సగం పని ముందు రోజు సాయంత్రమే పూర్తి కావాలి. పని ముగియగానే ట్యాంకును డీజిలుతో నింపాలి. అప్పుడు తేమకు చోటుండదు. ఫిల్టరు గిన్నె అడుగున ఉన్న మర వదులు చేసి నీటిని తీసివేయాలి. బ్యాటరీ కొనల మీది తెల్లని పొక్కును వేడినీటితో కడిగి బిగించాలి. బండిని పాకలో, తూర్పు ఎండ తగిలే వైపు నిలిపి ఇంజను మీద గోనె పట్టానో, టార్పాలినో కప్పాలి. ఉదయం ఇంజను నడిపే ముందు ఆ గుడ్డను తీసివేయడం మరువరాదు.

ఉదయం మొదట గేరు న్యూట్రల్‌లో ఉన్నదీ లేనిదీ చేతితో ఆడించి చూడాలి. బ్రేకు వేయాలి. సీటులో కూర్చొని క్లచ్చి తొక్కిపట్టాలి. గేరుపెట్టెలోని చిక్కని నూనెను కూడా తిప్పే బరువు ఇంజనుకు తప్పుతుంది. హీటరుకు చెప్పిన వ్యవధి ఇవ్వాలి. ఆ తరువాత సెల్ఫ్ కొట్టాలి. 10, 15 సెకండ్లకు మించి ఏకబిగిన కొట్టరాదు. ఇంజను అందుకోకపోతే ఒక నిమిషం ఆగాలి. ఆ విరామంలో సెల్ఫ్ మోటారు చల్లబడుతుంది, బ్యాటరీ కొంత తేరుకొంటుంది.

రెండు మూడు ప్రయత్నాలు ఫలించకపోతే సైలెన్సరు వైపు చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు తెల్లని పొగ వస్తున్నదంటే డీజిలు సిలిండరుకు చేరుతున్నది కాని మండడానికి వేడి చాలడం లేదన్న మాట. హీటరును, బ్యాటరీని, తిరిగే వేగాన్ని పరీక్షించాలి. పొగ అసలే లేదంటే డీజిలు చేరడం లేదు. ట్యాంకు కుళాయి, ఫిల్టరు, గొట్టాలలోని గాలి పరీక్షించాలి. ఫిల్టరు మీది మర వదులు చేసి, చేతి పంపు ఆడించి, బుడగలు లేని డీజిలు వచ్చే వరకు గాలి తీయాలి. తరువాత అదే విధంగా ఇంధన పంపు వద్ద తీయాలి. నాజిల్ చిమ్మే తుంపరకు మాత్రం చేయి అడ్డు పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం చూడడానికి సూదిపోటంత ఉన్నా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోవలసినదే. తెల్లని పొగ, పొగ లేకపోవడం అన్న ఈ ఒక్క భేదం తెలిసినవాడికి మెకానిక్కు కోసం ఎదురుచూడవలసిన ఉదయాలు చాలా తగ్గుతాయి.

చేయరాని పనులు నాలుగు ఉన్నాయి. గాలి గొట్టంలోకి ఈథరు చల్లడం మొదటిది. ఈథరు డీజిలుకంటే తక్కువ వేడికే అంటుకొంటుంది. పిస్టను పైకి చేరకముందే పేలి దానిని ఎదురు కొడుతుంది. రింగులు విరుగుతాయి. రింగులు పోతే ఒత్తిడి పోతుంది. మరుసటి ఉదయం ఇంజను మరింత కష్టంగా లేస్తుంది. హీటరు ఎర్రబడి ఉన్న ఇంజనులో చల్లితే గొట్టంలోనే పేలి మనిషి ముఖం కాలుతుంది. ఇంజను అడుగున గడ్డిమంట వేయడం రెండవది. డీజిలు, నూనె కారిన పాత ఇంజను కింద మంట వేసి బండినీ, పాకనూ పోగొట్టుకొనవచ్చు. చల్లని ఇంజనులో మరిగే నీరు పోయడం మూడవది. ఇనుప దిమ్మె ఆ వేడిని తట్టుకోలేక బీటలు వారుతుంది. రేడియేటరులో పోయదలచిన నీరు గోరువెచ్చగా ఉండాలి.

నాలుగవది అన్నింటికంటే ఘోరమైనది. తాళం పనిచేయలేదని కొందరు నేల మీద నిలిచి, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ వంగి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు కొనలను కలుపుతారు. ఆ సమయంలో బండి గేరులో ఉంటే ఇంజను అందుకొన్న మరుక్షణం కదులుతుంది. మనిషి ఎత్తున్న వెనుక చక్రం ఎదురుగా ఉంటుంది. తప్పుకొనడానికి వ్యవధి ఉండదు. ఈ విధంగా ప్రాణాలు కోల్పోయిన వారు అనేక దేశాలలో ఉన్నారు. ఈ అపాయాన్ని ఊహించే, 1946లో ఇంగ్లండులో కవెంట్రీ నగరంలో తయారైన చిన్న ఫెర్గూసన్ ట్రాక్టరుకు గేరు కడ్డీతోనే సెల్ఫ్ పనిచేసే ఏర్పాటు చేశారు. కడ్డీని ఆ ప్రత్యేక స్థానానికి త్రోస్తేనే ఇంజను తిరుగుతుంది. బండి గేరులో ఉండగా తిరిగే అవకాశమే లేదు. తరువాతి ట్రాక్టర్లలో క్లచ్చికి, గేరుకు అమర్చిన రక్షణ స్విచ్చులు కూడా ఆ ప్రయోజనానికే. స్క్రూడ్రైవరు ఆ రక్షణనంతటినీ దాటిపోతుంది. స్విచ్చు చెడితే బాగుచేయించాలి. ఒక పూట కూలి నష్టమైనా సరే, నేల మీద నిలిచి ఇంజను నడపరాదు. ఈ మాట తండ్రులకూ, అన్నలకూ చెప్పే బాధ్యత విద్యార్థులది.

పొలాలలో నీరు తోడే ఒక సిలిండరు ఆయిలింజన్లకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. వాటి తల మీద ఒక చిన్న మీట ఉంటుంది. దానిని ఎత్తి ఉంచితే కవాటం తెరచి ఉండి ఒత్తిడి ఏర్పడదు. హాండిలు తేలికగా తిరుగుతుంది. వేగం అందుకొన్న తరువాత మీట దించితే ఇంజను మండుతుంది. హాండిలు పట్టినప్పుడు బొటనవ్రేలిని మిగతా వ్రేళ్ల వైపే ఉంచాలి. ఎదురు తన్నినప్పుడు చేయి సులువుగా విడిపోతుంది.

ఇంజను అందుకొన్న తరువాత కూడా ఓర్పు అవసరమే. వెంటనే రేజు చేయరాదు. చిక్కబడిన ఆయిలు పై భాగాలకు చేరడానికి కొంత సమయం పడుతుంది. అంతవరకు ఇనుము ఇనుముతో రాసుకొంటుంది. ఆయిలు ఒత్తిడి ముల్లు లేచిందా అని చూసి, కొద్ది నిమిషాలు మెల్లగా తిరగనిచ్చి, తేలిక పనితో మొదలుపెట్టాలి. తలుపులు మూసిన పాకలో ఇంజనును తిరగనీయరాదు. ఆ పొగలోని విషవాయువుకు రంగు, వాసన లేవు.

పాత ఇంజనును "మొండిది" అని తిట్టడం అన్ని ఊళ్లలోనూ వినిపిస్తుంది. తరగతి గదిలో ఆలస్యంగా అందుకొనే పిల్లల విషయంలో కూడా పెద్దలు ఆ మాటే వాడుతూ ఉంటారు. రెండు చోట్లా అది కారణం వెదకడానికి ముందే చెప్పే తీర్పు. వేడి చాలలేదా, వేగం చాలలేదా, ఇంధనం అందలేదా, ఒత్తిడి నిలవలేదా అని వరుసగా అడిగే రైతుకు ఆ మాటతో అవసరం ఉండదు.

పై తరగతుల విద్యార్థులకు ఈ ఉత్సవ సందర్భంగా ఒక పని అప్పగించబడుతున్నది. ట్రాక్టరు గల ప్రతి ఇంటి విద్యార్థీ ఒక అట్ట ముక్కపై పెద్ద తెలుగు అక్షరాలతో ఈ ఐదు మాటలు వ్రాసి పాకలో వ్రేలాడదీయాలి: గేరు న్యూట్రల్‌లో ఉన్నదా? సీటులో కూర్చున్నావా? హీటరుకు 20 సెకండ్లు ఇచ్చావా? పొగ చూచావా? స్క్రూడ్రైవరు ముట్టకు. ట్రాక్టరు లేని ఇంటి పిల్లలు పొరుగువారికి వ్రాసి ఇవ్వవచ్చు. సంక్రాంతి సెలవుల తరువాత ఎవరి పాకలో ఏ ఫలితం కలిగినదో విజ్ఞానశాస్త్ర తరగతిలో చెప్పుకొందురు గాక.